వెర్లిన్ చూపు

బూడిదరంగు తెర మీద ఒక అక్షరం మెరిసి మాయమవుతుంది. అదేమిటో చెప్పాలి. పరీక్ష అంతే. ముందు కుడికన్ను, తరవాత ఎడమకన్ను.

నీలం అక్షరాలన్నీ మారెన్ టకటకా చెప్పేసింది. ఎర్రవాటి దగ్గర తడబడింది. ఆ తరవాత తెర ఖాళీగా ఉండిపోయింది. యంత్రం ఇంకా మొదలవలేదేమో అనుకుని చేతిలో మీట పట్టుకుని కదలకుండా కూర్చుంది.

"అయిపోయిందమ్మా," అంది డాక్టరు.

"ఆకుపచ్చవి ఇంకా రాలేదు కదండీ?"

డాక్టరు కుర్చీ లాక్కుని ఎదురుగా వచ్చి కూర్చుంది. ఒంటి మీద ఉన్నది సైన్యం దుస్తులే అయినా, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్న తీరు చూస్తే పరామర్శకొచ్చిన చుట్టాలావిడలా ఉంది.

"వచ్చాయి. అన్నీ వచ్చి వెళ్ళిపోయాయి."

కాలేజీలో సైన్యపు ఆఫీసరు శిక్షణకి చేరేటప్పుడు చేసిన పరీక్ష వేరు. పాత పుస్తకంలో చుక్కల మధ్య అంకెలు చూపించేవారు. కొన్ని కనిపించాయి, కొన్ని ఊహించింది, ఎలాగో గట్టెక్కింది. రంగుల విషయంలో తను కాస్త మందం అనుకునేది తప్ప, అదొక లోపమని ఎన్నడూ అనుకోలేదు. ఈ యంత్రం దగ్గర ఊహలు చెల్లలేదు.

"ఆఫీసరువి అవడానికి ఏ అడ్డూ లేదు. మిగతా దళాలు బోలెడున్నాయి. హెలికాప్టరు మాత్రం ఇవ్వరమ్మా. దానికి మినహాయింపు ఉండదు." డాక్టరు గొంతు తగ్గించింది. "ఇది చాలామందికి ఉండేదే. మీ నాన్నగారికీ ఉండే ఉంటుంది. అడిగి చూడు."

"మా నాన్నకా?" మారెన్‌కి అంత బాధలోనూ నవ్వొచ్చింది. "ఆయన పొలాలకి మందుకొట్టే విమానం నడుపుతాడండీ. పైనుంచి ఒక్కసారి చూసి, ఏ చేలో ఏ మూల ఆకుమచ్చ తెగులు మొదలైందో చెప్పేస్తాడు. రైతు కింద నడిచి వెళ్ళి ఆకు తిప్పి చూస్తే అక్కడుంటుంది."

"ఆయన కళ్ళు అంత..." అని డాక్టరు ఆగింది. "మగపిల్లాడికైతే తల్లి నుంచి వస్తే చాలు. ఆడపిల్లకి రావాలంటే తల్లి వైపు నుంచీ రావాలి, తండ్రికీ ఉండి తీరాలి. అందుకే ఆడవాళ్ళలో ఇది..." అంటూ మారెన్ మొహంలోకి చూసి, చటుక్కున లేచి యంత్రం వైపు తిరిగింది. "వేరే కారణాలు కూడా ఉంటాయిలే. చాలా అరుదుగా."

కారు తలుపు మీద చెయ్యి వేసే దాకా ఆ మాట మారెన్ బుర్రకెక్కలేదు. ఎక్కాక ఆ తలుపు తియ్యడం మర్చిపోయి అలాగే నిలబడిపోయింది.

కాలేజీలో వాళ్ళ బ్యాచిని చూసే, అందరినీ ఇంటిపేరుతోనే పిలిచే కెప్టెన్ ఫోన్ చేశాడు. "విన్నాను. చాలా బాధగా ఉంది టోలెఫ్సన్. సెలవులకి ఇంటికెళ్ళు. విమానాలు తీసేసి మిగతా దళాల్ని నీకు ఇష్టమైన వరసలో పెట్టి, మంగళవారం పొద్దునకల్లా పంపించు. నీ మార్కులకి మొదట ఏది పెడితే అది నీదే. ఏడుస్తూ మాత్రం పెట్టకు."

"అలాగే సార్," అంది.

*

హాలమ్ ఊరి బయట, చక్కెరదుంప చేల మధ్య గడ్డి రన్‌వే. దాని చివర రేకుల షెడ్డు. మారెన్ వెళ్ళేసరికి తండ్రి వెర్లిన్ తన పసుపు విమానం రెక్క కింద మోకాళ్ళ మీద కూర్చుని, నాజిళ్ళు ఒక్కొక్కటే విప్పి పళ్ళు తోముకునే బ్రష్షుతో రుద్దుతున్నాడు. కూతురి కారు చప్పుడు విని లేవబోయి, నడుం పట్టేసి, రెక్క పట్టుకుని మెల్లిగా నిటారయ్యాడు.

"వచ్చావా? ఏమన్నారు? రెక్కలు కుట్టిస్తారా నీ చొక్కాకి?"

వేసవంతా ఆయన షెడ్డులో సగం ఖాళీ చేసి పెట్టాడు. పాత డ్రమ్ములు, విరిగిన ప్రొపెల్లరు, ఎప్పటివో టైర్లు అన్నీ బయటికి పోయాయి. మారెన్ రాష్ట్రపు గార్డు అనే పార్ట్‌టైం సైన్యంలో హెలికాప్టరు నేర్చుకుని వారాంతాల్లో అక్కడ పనిచేస్తూ, మిగతా రోజుల్లో ఇక్కడ రెండో విమానం నడుపుతుంది. అందుకు ఆ ఖాళీ. నేల కూడా కడిగినట్టున్నాడు.

"లేదు నాన్నా. కళ్ళ దగ్గర పోయింది."

"కళ్ళా? నీకు కళ్ళజోడు కూడా లేదుగా?"

"రంగులు. ఎరుపూ ఆకుపచ్చా నాకు సరిగ్గా తెలియవట."

వెర్లిన్ చేతిలో బ్రష్షు చూసుకున్నాడు. దాన్ని రెక్క మీద పెట్టి, దగ్గరకొచ్చి ఆమె తల మీద మోచేయి ఆన్చాడు. చేతులకి మందు ఉన్నప్పుడు ఆయన పద్ధతి అది. "పోతే పోయింది," అన్నాడు. "దానికి మనమేం చేస్తాం? నువ్వేం చేస్తావ్? పోతే పోయింది."

ఇంట్లో తల్లి జనెల్ ఆపిల్ పళ్ళు చెక్కుతోంది. కుళాయి పక్కన ఖాళీ సీసాలు బోర్లించి ఉన్నాయి. ఆవిడ చెక్కు తీస్తే మొదటినుంచి చివరిదాకా ఒకే రిబ్బనులా వస్తుంది, మధ్యలో తెగదు.

"మా వైపు ఎవరికీ లేదే," అన్నాడు వెర్లిన్, భోజనానికి కూర్చుంటూ. "మీ వాళ్ళలో ఉందా?"

"మా తాతకి ఉండేది. ఒక కాలికి గోధుమరంగు మేజోడూ, ఇంకో కాలికి ఆకుపచ్చదీ వేసుకుని చర్చికొచ్చేవాడు."

"అయితే అదే. మీ తాత దగ్గరనుంచి వచ్చింది. చూశావా మారెన్? మీ అమ్మ వాళ్ళ చలవ." నవ్వించడానికి అన్నాడు.

"డాక్టరు ఇంకేమన్నా అందా?" అని అడిగింది జనెల్, తల ఎత్తకుండా.

"ఏమీ అనలేదు," అంది మారెన్.

తల్లి చేతిలో చెక్కు తెగి నేలమీద పడింది. ఆవిడ వంగి తీయలేదు.

*

మర్నాడు గాలి లేకపోవడంతో తెల్లవారగానే పని మొదలైంది. మారెన్ గొట్టం బిగించడం, పంపు నడపడం, డబ్బాలు కడగడం. వెర్లిన్ దిగడం, ట్యాంకు నిండగానే మళ్ళీ ఎగరడం. ఇంజను ఆపకుండానే నింపుతారు కనక మాటలుండవు, చేతి సైగలే. రెండుసార్లు దిగినప్పుడూ ఆయన కూతురి కేసి చూసి బొటనవేలెత్తాడు. ఆ మొహం ఎప్పటిదే. గాగుల్స్ అంచు దగ్గర ఎండకి కమిలిన గీత, తెల్లటి కనుబొమ్మలు. మారెన్ మాత్రం ఆ మొహం కేసి ఎక్కువసేపు చూడలేకపోయింది. చూస్తే పోలికలు వెతకడం మొదలవుతుంది. ముక్కు, చెవి, గడ్డం.

రేడియోలో ఆయన గొంతు వినిపించింది. "ఓల్సన్‌కి చెప్పమ్మా. తూర్పు మూల, కాలవ పక్కన, వరసలు కొంచెం తుప్పు రంగుకి తిరుగుతున్నాయి. ఇవాళే చూసుకోమను."

ఆ చేను రైతు ఓల్సన్ తన మనిషిని పంపాడు. తెగులు అక్కడే ఉంది.

ఎండ ఎక్కాక గాలి లేచింది. రన్‌వే పక్కన గాలివాటం చూపే గాలిసంచి నిండుగా పొంగింది. గాలిలో మందు కొడితే పక్క చేను తింటుంది కనక వెర్లిన్ విమానం కట్టేసి, "పద, కాఫీ తాగొద్దాం," అన్నాడు. వద్దంటే ఎందుకని అడుగుతాడు. వెళ్ళింది.

ఊరి ధాన్యం గిడ్డంగి పక్కనున్న కాఫీ కొట్టులో గోడవారగా పొడుగు బల్ల. పొద్దున్న పూట ఆ బల్ల మగవాళ్ళదే. ఓడీన్ బ్రెక్కీ మాస్టారు ఎప్పటిలాగే చివర కూర్చున్నారు. ఆ బల్ల దగ్గరున్న వాళ్ళందరికీ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పింది ఆయనే, చివరికి మారెన్‌కి కూడా. ఆయన పక్కన డారెల్ హాగెన్. పెద్ద రైతు. భార్య గ్లాడిస్ పోయి రెండేళ్ళయింది. మిగతా కుర్చీల్లో మరో ముగ్గురు రైతులు.

"రావమ్మా సైన్యాధ్యక్షురాలా!" అన్నాడు డారెల్. "హెలికాప్టరు ఎప్పుడెక్కుతున్నావ్? మా చేల మీద ఎగిరితే మెల్లిగా ఎగురు, దూడలు బెదురుతాయి."

మారెన్ నోరు తెరిచేలోగా వెర్లిన్ అందుకున్నాడు. "ఆ కబురు పోయిందిలే. రంగులు ఆనవన్నారు దీనికి. ఎరుపూ ఆకుపచ్చా."

"అయ్యో!" అన్నారు ఒకరిద్దరు నిజంగానే నొచ్చుకుని.

"ఆడపిల్లకా?" మాస్టారు ముందుకి వంగారు. ఎనభై దాటినా పాఠం దొరికితే ఆయన కళ్ళు వెలుగుతాయి. "అది చాలా అరుదు తెలుసా? ఇలా చూడండి." గిన్నెలోంచి పంచదార పొట్లాలు నాలుగు తీసి బల్ల మీద పరిచారు. "మగాడికి రంగులు చూపే జన్యువు ఇలాంటిది ఒక్కటే ఉంటుంది, అమ్మ ఇచ్చింది. అది చెడ్డదైతే వాడికి రంగులు పోతాయి. ఆడపిల్లకి రెండు. ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. ఒకటి చెడ్డా రెండోది కాపాడుతుంది. రెండూ చెడితేనే..."

"మాస్టారూ, మీ కాఫీ చల్లారిపోతోంది," అంది మారెన్.

"ఉండమ్మా. అంటే ఏమిటి? ఇది అమ్మ దగ్గర్నించి వచ్చింది. మరి ఈ రెండోది నాన్న దగ్గర్నించి రావాలి. నాన్న దగ్గర ఉన్నదే ఒకటి. అదీ చెడ్డదైతేనే ఇవ్వగలడు. అంటే నాన్నకి..."

ఆయన వేలు పొట్లం మీద ఆగిపోయింది. లెక్క తనంతట తనే తేలి ఎదురుగా కూర్చున్నాక గాని, ఏం లెక్క వేస్తున్నారో ఆయనకి తెలియలేదు. తలెత్తి వెర్లిన్‌ని చూసి, వెంటనే చూపు దించుకున్నారు. ఈ జిల్లాలో వెర్లిన్ చూపు గురించి తెలియని వాడు లేడు.

వెర్లిన్ ఆ పొట్లాల్నే చూస్తున్నాడు. కప్పు పెదవి దాకా వచ్చి ఆగింది. మారెన్ ఆ ఆగడం చూసింది. ఇరవైరెండేళ్ళ బతుకు ఆ కప్పు ఆగినంతసేపట్లో ఆయన లోపల ఒకసారి తిరిగొచ్చిందేమో. ఆయన కాఫీ గుటక వేసి కప్పు కింద పెట్టాడు.

"నాకూ ఉంది మాస్టారూ," అన్నాడు.

"ఏమిటీ?"

"అదే, రంగుల జబ్బు. నా దగ్గరనుంచే వచ్చింది దీనికి. ఎవరికీ చెప్పలేదు, చెబితే లైసెన్సు పీకేస్తారని."

ఒక్కసారి గలభా లేచింది. "పో పోవోయ్!" అన్నాడొకడు. "మరి మా గోధుమకి తుప్పు తెగులని పైనుంచి ఎలా చెప్పావ్ మొన్న?"

"రంగు చూసి కాదురా. మొక్క వాలే తీరు చూసి. కొంత ఊహ. కొంత అదృష్టం."

"పైలట్ల పరీక్ష?"

"పక్కగదిలో కూర్చుని ముందువాడు చెప్పే అంకెలు బట్టీ పట్టేవాణ్ణి." ఆయన నవ్వాడు కూడా. మారెన్ తండ్రి నోట అబద్ధం వినడం అదే మొదటిసారి. ఎంత నున్నగా ఆడాడంటే ఆమెకి భయం వేసింది.

మాస్టారు పొట్లాలు గబగబా గిన్నెలోకి తోసేశారు. "అంతేలే, అంతే అయి ఉంటుంది. సైన్సు అబద్ధం చెప్పదు," అన్నారు.

డారెల్ మాత్రం నవ్వలేదు. కుర్చీలోంచి సగం లేచాడు. "అయితే వెర్లిన్, నా జెండా?"

అందరూ డారెల్ కేసి తిరిగారు.

ఆరేళ్ళ కిందట డారెల్ సోయా చేను ఒకటి మొత్తం మాడిపోయింది. అక్కడ చేను మూలల్లో జెండాలు పాతుతారు. ఎర్ర జెండా ఉంటే మామూలు విత్తనం, కలుపుమందు తగిలిందా పైరంతా చస్తుంది. ఆకుపచ్చదైతే మందుకి తట్టుకునే విత్తనం. ఆ చేలో ఉన్నది మామూలు విత్తనం. నేను ఎర్రదే పాతానన్నాడు డారెల్. ఆకుపచ్చ జెండా చూసే కొట్టానన్నాడు వెర్లిన్. జనం వచ్చి చూసేసరికి తుఫాను గాలికి జెండా ఎటో కొట్టుకుపోయింది. ఊరంతా వెర్లిన్ మాటే నమ్మింది. అంత చూపున్నవాడు రంగు పొరబడతాడా? డారెల్ తప్పు జెండా పాతి, ఒప్పుకోలేక బొంకుతున్నాడన్నారు. చాటుగానూ అన్నారు, ఎదుటానూ అన్నారు.

"నేను ఎర్రదే పాతాను," అన్నాడు డారెల్. ఆ పెద్ద మనిషి గొంతు చిన్నపిల్లాడిదిలా సన్నబడింది. "ఆరేళ్ళనుంచీ చెబుతూనే ఉన్నాను. ఎర్రదే పాతాను."

వెర్లిన్ ఆయన కేసి చూశాడు. ఇప్పుడు వెనక్కి తిరిగే దారి లేదు. వెర్లిన్‌కే కాదు, ఆ బల్ల దగ్గరున్న ఎవరికీ లేదు.

"పాతే ఉంటావు డారెల్," అన్నాడు. "నేనే పొరబడి ఉంటాను."

మారెన్‌కి అరవాలనిపించింది. కాని ఏమని అరుస్తుంది? ఆ రోజు తనూ అక్కడే ఉంది. గొట్టం పట్టుకుని, చేను గట్టు మీద నిలబడి ఆ జెండా చూసింది. ఏం రంగు అని అడిగితే చెప్పలేని ఒకే ఒక్క సాక్షి తను.

*

వ్యానులో ఇంటికొస్తూంటే మలుపు దగ్గర మారెన్ "నాన్నా" అంది. ఆయన రేడియో పెట్టాడు. గోధుమ ధరలు చెబుతున్నారు.

వంటింట్లోకి వెళ్తూనే ఆయన చేతులు కడుక్కున్నాడు. మామూలుగా కన్నా ఎక్కువసేపు, మోచేతుల దాకా. జనెల్ పొయ్యి మీద సీసాలు ఉడకబెడుతోంది.

"ఇవాళ కాఫీ దగ్గర చెప్పేశాను," అన్నాడు, కుళాయి కేసి చూస్తూనే. "నాకూ రంగులు ఆనవని. మారెన్‌కి నానుంచే వచ్చిందని. నిన్నెవరైనా అడిగితే నువ్వూ అదే చెప్పు."

జనెల్ చేతిలో పట్టుకారు ఉంది. దానికి ఒక సీసా వేలాడుతోంది. ఆవిడ దాన్ని కింద పెట్టలేదు, నీళ్ళలో ముంచలేదు. ఆవిరి మొహానికి కొడుతున్నా పక్కకి జరగలేదు.

"వెర్లిన్," అంది.

"సీసా పెట్టెయ్. చెయ్యి కాలుతుంది."

"వెర్లిన్, నేను..."

"అడిగానా?" అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. "ఇన్నేళ్ళూ అడగలేదు, ఇప్పుడడుగుతానా? సీసా పెట్టెయ్ జనెల్." తువ్వాలు కోసం చూశాడు. దొరకలేదు. చేతులు ప్యాంటుకి తుడుచుకుని షెడ్డుకి వెళ్ళిపోయాడు.

ఆవిడ నేలమీద కూలబడింది. కుర్చీ పక్కనే ఉన్నా అందులో కూర్చోలేదు. మారెన్ పొయ్యి ఆపేసి గుమ్మంలోనే నిలబడింది.

"ఆ ఏడు ఆయన టెక్సాస్ వెళ్ళాడు, అక్కడి పొలాల పనికి," అంది తల్లి, అడక్కుండానే. "నెలల తరబడి. చలికాలం. నేనొక్కదాన్నే."

"నాకు చెప్పొద్దమ్మా."

"తెలుసుకోవాలని లేదా నీకు?"

మారెన్ ఆలోచించింది. తనకి తెలుసుకోవాలనే ఉంది. కాని తండ్రి ఇందాక అడగనన్నది తను అడిగితే ఆయన పెట్టిన ఖర్చంతా వృథా అయిపోతుంది.

"లేదు," అంది.

*

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి అరుగు మీద డారెల్ కూర్చుని ఉన్నాడు. ఉతికిన చొక్కా, పక్కన గోనెసంచి నిండా మొక్కజొన్న పొత్తులు. వెర్లిన్‌ని చూసి లేచి నిలబడి టోపీ తీశాడు.

"రాత్రి నిద్రపట్టలేదు," అన్నాడు. "కోపంతో కాదు వెర్లిన్. అలా అనుకోకు. ఇన్నాళ్ళలో నాకే అనుమానం వచ్చేసింది. ఊరంతా అంటుంటే, ఏమో, నేనే ఆకుపచ్చది పాతానేమో, ముసలితనం వచ్చేస్తోందేమో అనుకునేవాణ్ణి. గ్లాడిస్ కూడా..." ఆగి, టోపీ అంచు తిప్పాడు. "గ్లాడిస్ పైకనేది కాదు. కాని నమ్మలేదు నన్ను. నాకు తెలుసు. అలాగే పోయింది."

వెర్లిన్ మెట్ల కిందే నిలబడిపోయాడు. మారెన్ ఆయన వెనకాల ఉంది. చర్చి కోసం ఇస్త్రీ చేసిన చొక్కా వీపు మీద చెమట మెల్లిగా వ్యాపించడం ఆమెకి కనిపించింది.

"ఆవిడ ఉండగా చెప్పి ఉంటే బావుండేది," అన్నాడు డారెల్.

"క్షమించు డారెల్," అన్నాడు వెర్లిన్. "ముందే చెప్పాల్సింది."

డారెల్ మెట్లు దిగి వచ్చి, చెయ్యి చాచబోయి, దాన్ని వదిలేసి, ఆయన్ని రెండు చేతులా పట్టుకుని గట్టిగా ఏడ్చేశాడు. వెర్లిన్ ఆయన వీపు తట్టాడు. నిమురుతూ, తడుతూ, కూతురి కేసి ఒక్కసారి కూడా చూడకుండా.

వెళ్ళేముందు డారెల్ మొహం తుడుచుకుని, "ఇంకో మాట. తప్పుగా అనుకోకు. మా దుంపలకి మందు కొట్టడానికి ఈసారి గ్రాఫ్టన్ ఊరి కుర్రాణ్ణి పిలిచాను. నీ మీద కోపంతో కాదు. జెండాలూ అవీ ఉంటాయి కదా..." అన్నాడు.

"తెలుసు. నేనైనా అదే చేస్తాను."

పొద్దుగూకేలోగా ఇంకో నలుగురు ఫోన్ చేశారు. అందరూ మర్యాదగానే మాట్లాడారు. వెర్లిన్ ఒక్కొక్కరికీ గ్రాఫ్టన్ కుర్రాడి నంబరు తనే చెప్పాడు.

మారెన్ షెడ్డుకి వెళ్ళింది. ఆయన విమానం చక్రానికి గ్రీజు పెడుతున్నాడు. పెట్టాల్సిన అవసరం లేదు, మొన్ననే పెట్టాడు.

"ఆ జెండా ఏం రంగు నాన్నా?"

గ్రీజు తుపాకీ రెండుసార్లు కిచకిచమంది. "ఎర్రదేనటగా."

"నన్ను చూసి చెప్పు."

ఆయన పని ఆపాడు. చూడడానికి చాలాసేపు పట్టింది. చూశాక, మారెన్‌కి అడిగినందుకు సిగ్గేసింది.

"ఆకుపచ్చ," అన్నాడు. "ఇప్పటికీ కళ్ళ ముందుంది. ఎండ నా వెనకాల ఉంది, జెండా రెపరెపలాడుతోంది. లేతచిగురు రంగు." తలూపాడు. "పాపం, వాడు కావాలని అబద్ధమాడలేదు. సంచిలోంచి తీసి చూసుకోకుండా పాతేశాడు. ఇంకెప్పుడూ అడగకు."

"నేను గార్డులోనే చేరతాను. హెలికాప్టరు లేకపోతే ఏం? ఇంజనీర్ల దళం ఉంది ఇక్కడే. వారాంతాల్లో బుల్‌డోజర్లు నడుపుతాను. మిగతా రోజులు నీతో ఉంటాను. కింద పనంతా నేను చూసుకుంటాను. ఊళ్ళో ఎవరేమన్నా..."

"వద్దు."

"నీకు సాయం..."

"వద్దు మారెన్. పూర్తికాలం సైన్యానికే పెట్టు. ఎంత దూరం పంపితే అంత దూరం వెళ్ళు." ఆయన చక్రం మీద చెయ్యి ఆన్చి లేచాడు. "ఊళ్ళో వాళ్ళ ముందు ఈ వేషం వెయ్యగలను. చచ్చేదాకా వెయ్యగలను. సంతలో టమాటా చేతిలో పట్టుకుని ఇది పండిందా అని అడగగలను. కాని నువ్వు పక్కనుండి చూస్తూంటే నావల్ల కాదు. నువ్వు చూసినప్పుడల్లా నాకు గుర్తొస్తుంది. నీకూ గుర్తొస్తుంది."

"నేను చూడను."

"చూస్తావు. నిన్నటినుంచీ చూస్తూనే ఉన్నావు, నా ముక్కూ చెవులూ."

ఖాళీ చేసిన సగం షెడ్డులో ఇద్దరూ నిలబడ్డారు. ఆయన చేతికి గ్రీజుంది కనక మోచేయి ఆమె తల మీద ఆన్చాడు. ఈసారి మారెన్ ఆ చేతిని పట్టుకుని, గ్రీజుతోసహా చెంపకి అదుముకుంది.

*

సోమవారం పొద్దున్న కంప్యూటరు ముందు కూర్చుంది. పేజీ పైన ముందొక ప్రశ్న: పూర్తికాలం సైన్యమా, సొంత రాష్ట్రపు గార్డా? దానికింద దళాలు. వాటిని పైకీ కిందకీ లాగి వరస పెట్టాలి. పదాతి, ఫిరంగులు, ఇంజనీర్లు, ఆయుధాలు, సరఫరా. సిగ్నల్స్ ఒకప్పుడు రెండో స్థానంలో ఉండేది. రంగురంగుల తీగలు గుర్తొచ్చి దాన్ని అట్టడుక్కి లాగేసింది. చివరికి రవాణా దళాన్ని పట్టుకుని మొదటికి తెచ్చింది. ఓడలు, రైళ్ళు, రేవులు, ఎవరివో సామాన్లు ఎక్కడికో చేర్చడం. ఎక్కడికైనా పంపుతారు, ఇక్కడికి తప్ప. పైన ప్రశ్నకి పూర్తికాలం అని పెట్టింది. పంపింది. ఇంత చిన్న పని కోసం మూడేళ్ళు తెల్లవారకముందే లేచి పరిగెత్తింది.

తల్లి కారులో ఆపిల్ సీసాలు పెట్టింది, ఒకదానికొకటి తగలకుండా మధ్యలో తువ్వాళ్ళు దోపి. "తినకపోయినా పరవాలేదు, ఎవరికైనా ఇచ్చెయ్," అంది. మారెన్ ఆవిణ్ణి కౌగలించుకుంది. రెండు రోజుల్లో అదే మొదటిసారి. ఆవిడ అంత సన్నబడిందని అప్పటిదాకా తెలియలేదు.

వెర్లిన్ ముందే గిడ్డంగి దగ్గరికెళ్ళాడు, పొలాల పటాలు గ్రాఫ్టన్ కుర్రాడికి అప్పగించడానికి. మారెన్ ఊరు దాటేముందు పెట్రోలు కోసం అక్కడే ఆగింది. వ్యాను వెనక తలుపు వాల్చి, దాని మీద పటం పరిచి, ఇద్దరూ వంగి చూస్తున్నారు. కుర్రాడంటే ముప్ఫై ఏళ్ళుంటాయి. పేరు కోల్బీ. కొత్త టోపీ, కొత్త చలవ కళ్ళద్దాలు.

"ఇక్కడ కరెంటు తీగ ఉంది, పటంలో ఉండదు," అంటున్నాడు వెర్లిన్. "ఓల్సన్ చేలో చెట్ల వరస దాటాక గాలి కిందకి లాగుతుంది. ముందే పైకి లేపెయ్." చెబుతూ చెబుతూ ఆయన చెయ్యి పటం మీద విమానంలా వాలి లేచింది.

"అమ్మాయిగారా?" అన్నాడు కోల్బీ, మారెన్‌ని చూసి.

"మా అమ్మాయే. సైన్యంలో ఆఫీసరవుతోంది. దళం కూడా ఎంచుకుంది ఇవాళ." తిరిగి ఆమెని అడిగాడు. "ఏది పెట్టావ్?"

"రవాణా. పూర్తికాలం."

ఆయన తలూపాడు. ఒకసారి, తరవాత ఇంకోసారి. "రవాణా మంచిదే," అన్నాడు. "హెలికాప్టర్ల మీద ఉండేది మనసు. అన్ని పరీక్షలూ నెగ్గింది, ఒక్క కళ్ళ దగ్గరే ఆగిపోయింది. ఏం చేస్తాం? నా కళ్ళే వచ్చాయి దానికి."

ఆ మాట అన్న తీరు మారెన్ వింది. నొచ్చుకోలు అందులో పైపైనే ఉంది. దాని కింద, ఆయన గొంతులో ఆమె ఎప్పుడూ వినని గర్వం ఒకటి ఉంది. తన దగ్గర ఉన్నదంతా ఇచ్చేసి కొనుక్కున్న వస్తువుని నలుగురిలో మొదటిసారి బయటికి తీసి చూపించే మనిషి గొంతు అది.

కోల్బీ మర్యాదకి కళ్ళద్దాలు పైకి తోసుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "అవునండీ," అన్నాడు. "చూస్తూనే తెలిసిపోతోంది. అచ్చం మీ పోలికే."

వెర్లిన్ పటం మీదికి వంగాడు. మడతలు సరిచేస్తున్నట్టు దాన్ని అరచేత్తో రుద్దుతూనే ఉన్నాడు.

"అవును," అంది మారెన్. "అందరూ అదే అంటారు."